తొలి భూప్రదక్షిణ దారిలో: సెవిల్ నుంచి గెటారియా వరకు

సోమవారం: సెవిల్, త్రియానా ఒడ్డు

ప్రపంచాన్ని తొలిసారి చుట్టి వచ్చిన ఓడ బయలుదేరిన రేవు సముద్రానికి 80 కిలోమీటర్లకు పైగా లోపల, గ్వాదల్‌కివీర్ నది మీద ఉంది. స్పెయిన్ దక్షిణ ప్రాంతంలోని సెవిల్ నగరాన్ని ఆ నది రెండుగా విడదీస్తుంది. తూర్పు ఒడ్డున పెద్ద చర్చి, రాజప్రాసాదం, పాత వర్తక భవనాలు ఉన్నాయి. పడమటి ఒడ్డున ఒకప్పుడు కుమ్మరులూ నావికులూ కాపురమున్న త్రియానా పేట ఉంది. ఆ పేటకు దక్షిణపు కొసన, క్యూబా కూడలికి దగ్గరలో ఉన్న రేవు నుంచి 1519 ఆగస్టు 10న ఐదు ఓడలు నదిలో దిగువకు సాగాయి. ఇప్పుడు అక్కడ లోహపు వలయాలతో చేసిన ఒక ఖగోళ గోళం, దాని మీద ఇది ప్రదక్షిణకు సున్నా మైలు అని తెలిపే గుర్తు తప్ప రేవు అనదగినది కనిపించదు. ఉదయం పూట ఆ ఒడ్డున పరుగెత్తేవాళ్లూ, సన్నని పోటీ పడవలు నడిపే విద్యార్థులూ ఉంటారు.

ఎదుటి ఒడ్డున 13వ శతాబ్దంలో ముస్లిం పాలకులు కట్టించిన బంగారు బురుజు ఉంది. దానికి కొద్ది దూరంలో నీళ్ల మీద విక్టోరియా ఓడకు నమూనాగా కట్టిన ఓడ ఒకటి నిలిపి ఉంచారు. టికెట్టు కొని ఎక్కాను. పొడవు పాతిక మీటర్లకు కాస్త ఎక్కువ, వెడల్పు ఏడు మీటర్లకు అటూ ఇటూ. పై అంతస్తు మీద తాళ్లు, లంగరు, నీటి పీపాలు, చిన్న పడవ పోగా మనిషి కాలు చాపి పడుకోవడానికి మిగిలే చోటు చాలా తక్కువ. కింది అరలోకి వంగి దిగాలి. 1521 డిసెంబరులో అసలు విక్టోరియా ఇప్పటి ఇండోనేషియాలోని మలుకు దీవుల నుంచి తిరుగు ప్రయాణం మొదలుపెట్టినప్పుడు దాని మీద 60 మంది ఉన్నారు, అరల నిండా లవంగాల బస్తాలు ఉన్నాయి. ఆ సంఖ్యను పుస్తకంలో చదవడం వేరు, ఆ అరలో నడుం వంచి నిలబడి తలచుకోవడం వేరు.

ఐదు ఓడల పేర్లు ట్రినిదాద్, సాన్ ఆంటోనియో, కన్సెప్సియోన్, విక్టోరియా, సాంటియాగో. వాటి మీద దాదాపు 240 మంది ఎక్కారు. స్పెయిన్ వాళ్లతో పాటు పోర్చుగీసులు, ఇటాలియన్లు, ఫ్రెంచివాళ్లు, గ్రీకులు, జర్మన్లు, ఆఫ్రికావాళ్లు, మలక్కాలో కొన్న ఎన్రికే అనే బానిస కూడా ఆ జాబితాలో ఉన్నారు. నాయకుడు ఫెర్డినాండ్ మాగెల్లాన్ స్వయంగా పోర్చుగల్ దేశస్థుడు. 1505లో ఆయన పోర్చుగీసు నౌకాదళంతో మన దేశపు పడమటి తీరానికి వచ్చాడు. 1511లో మలక్కా పట్టణాన్ని వాళ్లు ఆక్రమించినప్పుడు ఆ సేనలో ఉన్నాడు. తరువాత మొరాకోలో కాలికి గాయమై కుంటుతూ నడిచేవాడు. తన కొలువుకు తగిన గుర్తింపు ఇమ్మని అడిగితే పోర్చుగల్ రాజు మాన్యుయెల్ నిరాకరించాడు. దాంతో 1517లో సెవిల్ చేరి, ఇక్కడే స్థిరపడిన పోర్చుగీసు కుటుంబంలో పెళ్లి చేసుకుని, స్పెయిన్ రాజు కార్లోస్ ముందు తన పథకాన్ని పెట్టాడు. ఆ రాజుకు అప్పటికి 18 ఏళ్లు.

ఆ పథకం ఏమిటన్న దగ్గరే మన పాఠ్యపుస్తకాలు తొందరపడతాయి. ప్రపంచాన్ని చుట్టి రావాలన్న మాట మాగెల్లాన్ పథకంలో లేదు. 1494లో తోర్దెసియాస్ ఒప్పందంతో పోర్చుగల్, స్పెయిన్ రాజ్యాలు అట్లాంటిక్ మీద నిలువునా ఒక గీత గీసుకుని తూర్పు పోర్చుగల్‌కనీ పడమర స్పెయిన్‌కనీ పంచుకున్నాయి. లవంగాలు ఆనాడు ప్రపంచంలో తెర్నాతె, తిదోరె, వాటి పక్కనున్న మరికొన్ని చిన్న దీవుల్లోనే కాసేవి. ఆఫ్రికాను చుట్టి తూర్పుగా వెళ్లే దారి పోర్చుగీసుల చేతిలో ఉంది కనుక, పడమరగా వెళ్లి అమెరికా ఖండాన్ని ఎక్కడో ఒకచోట దాటి ఆ దీవులను చేరాలి, సరకు నింపుకుని అదే దారిన వెనక్కి రావాలి. ఇది వ్యాపార ప్రయాణం; దాన్ని ప్రదక్షిణగా మార్చినది ఆ తరువాతి పరిస్థితులు. ఈ ప్రయాణంలో నేను తిరిగిన ఊళ్లన్నిటిలోనూ ఈ విషయమే ఏదో ఒక కాగితం రూపంలో, ఒక శిలాఫలకం రూపంలో మళ్లీ మళ్లీ ఎదురైంది.

మంగళవారం: సెవిల్, ఇండీస్ పత్రాగారం

పెద్ద చర్చికీ రాజప్రాసాదానికీ మధ్య ఎర్ర ఇటుక, తెల్ల రాయి కలిపి కట్టిన చతురస్రపు భవనం ఒకటి ఉంది. 16వ శతాబ్దం చివర్లో వర్తకుల కోసం కట్టిన ఈ భవనాన్ని 1785లో మూడో కార్లోస్ రాజు తమ సముద్రాంతర రాజ్యాల కాగితాలన్నీ ఒకచోట ఉంచే పత్రాగారంగా మార్చాడు. దాదాపు 43,000 కట్టల కాగితాలు ఈ సంస్థ అధీనంలో ఉన్నాయి. లోపలికి వెళ్లడానికి రుసుము లేదు. మూల పత్రాలు పరిశోధకులకు మాత్రమే ఇస్తారు. మామూలు సందర్శకులు పాలరాతి మెట్లెక్కి, ఎత్తైన కలప అరల మధ్య నడిచి, అప్పటికి పెట్టిన ప్రదర్శన చూసి రావచ్చు. చాలామంది పావుగంటలో బయటపడుతున్నారు. ఈ యాత్ర మీద ఆసక్తి ఉన్నవారికి మాత్రం ఇది తీరిగ్గా ఉండవలసిన చోటు, ఎందుకంటే మాగెల్లాన్ స్వయంగా రాసుకున్న దినచర్య ఏదీ మిగలలేదు. ఆ ప్రయాణం గురించి మనకు గట్టిగా తెలిసినదానిలో పెద్ద భాగం గుమాస్తాలు రాసిన లెక్కల నుంచి వచ్చినదే.

1503లో సెవిల్‌లో స్థాపించిన వర్తక కార్యాలయం ఓడల కొనుగోలు నుంచి మేకుల దాకా ప్రతిదీ నమోదు చేసింది. మొత్తం ఖర్చు ఆనాటి స్పెయిన్ నాణెం లెక్కలో 80 లక్షల మరవేదీలు దాటింది. అందులో ఐదో వంతుకు పైగా క్రిస్టొబల్ దె హారో అనే వర్తకుడు పెట్టుబడిగా పెట్టాడు, మిగిలినది ఖజానా భరించింది. రెండుసార్లు కాల్చిన గట్టి రొట్టెలు, ద్రాక్షసారాయి, ఉప్పు చేపలు, చిక్కుళ్లు, జున్ను, ఉల్లి, వెల్లుల్లి తిండి పద్దులో కనిపిస్తాయి. మారకం సరుకుల పద్దులో 20,000 చిరుగంటలు, అద్దాలు, దువ్వెనలు, కత్తులు, గాలాలు, రంగు బట్టలు, పాదరసం ఉన్నాయి. ఏ దేశంలో ఎవరికి ఏది నచ్చుతుందో తెలియని వర్తకుడు సంతకు సర్దుకున్న మూటలాగా ఉంటుంది ఆ జాబితా.

రాజు ఇచ్చిన ఒప్పందంలో ఒక షరతు స్పష్టంగా ఉంది: పోర్చుగల్ రాజుకు చెందిన భాగంలోకి అడుగు పెట్టకూడదు. ఈ షరతును గుర్తుపెట్టుకుంటే తరువాతి కథ సులభంగా అర్థమవుతుంది.

ఓడలు సముద్రంలోకి వెళ్లే ముందు మాగెల్లాన్ 1519 ఆగస్టు 24న ఇక్కడి రాజప్రాసాదంలో వీలునామా రాయించాడు. తాను చనిపోతే ఎన్రికేకు దాస్యవిముక్తి కలగాలనీ, పోషణకు 10,000 మరవేదీలు ఇవ్వాలనీ అందులో ఉంది. 1521 మార్చిలో ఫిలిప్పీన్ దీవుల్లో లిమసావా దగ్గర ఎదురుపడిన పడవలోనివారితో ఎన్రికే తన భాషలో మాట్లాడితే వాళ్లకు అర్థమైంది. పడమరగా బయలుదేరినవాళ్లు తూర్పు దేశాల పలుకు వినిపించే చోటికి వచ్చారన్నమాట. భూమి గుండ్రమన్నది పండితులకు అంతకు ముందే తెలుసు కానీ, అనుభవంలోకి వచ్చిన క్షణం అదే. నెల తిరిగేసరికి, ఏప్రిల్ 27న, మక్తాన్ దీవిలో లాపులాపు అనే నాయకుడి మనుషులతో జరిగిన పోరులో మాగెల్లాన్ హతుడయ్యాడు. సెబూ పాలకుడు హుమబోన్‌తో స్నేహం కలుపుకుని, అతని శత్రువుకు బుద్ధి చెబుతానని దిగిన యుద్ధం అది. లవంగాలతోగానీ ఒప్పందంతోగానీ దానికి ఏ సంబంధమూ లేదు. లోతులేని నీళ్లలో ఓడలు దగ్గరకు రాలేకపోయాయి, తుపాకులు అందుబాటు దూరంలో లేవు, 49 మంది తొడల లోతు నీళ్లలో నడిచి 1,500 మందిని ఎదుర్కొన్నారని వెంట ఉన్న ఇటాలియన్ అంటోనియో పిగఫెట్టా రాశాడు. ఫిలిప్పీన్స్‌లో ఈనాడు లాపులాపు జాతీయ వీరుడు. ఆ తరువాత పగ్గాలు చేపట్టినవాళ్లు వీలునామాను పక్కనబెట్టి, ఎన్రికేను విడుదల చేయబోమన్నారు. మే 1న హుమబోన్ ఇచ్చిన విందులో పాతికమందికి పైగా స్పెయిన్ పక్షంవాళ్లు హతమయ్యారు. ఎన్రికే అక్కడే ఉండిపోయాడు. కాగితాల్లో అతని పేరు ఆ తరువాత కనిపించదు. అతను మలక్కా దాకా వెళ్లి ఉంటే, భూమిని చుట్టిన తొలి మనిషి అతనే అయ్యేవాడు.

చనిపోయినవారి పట్టిక ఒకటి ఇక్కడి పత్రాల్లో ఉంది: పేరు, ఊరు, ఓడ, తేదీ, కారణం. జీతం ఏ రోజుతో ఆగిందో తేలాలి కదా, అందుకని రాసిన పట్టిక అది. అంత కరుణలేని అవసరం కోసం రాసినది కావడం వల్లనే, కీర్తి కోసం రాసిన ఏ కథనంలోనూ చోటు దొరకని పడవకుర్రాళ్లకూ వడ్రంగులకూ పీపాలు చేసేవాళ్లకూ చరిత్రలో ఒక వరుస దక్కింది. చాలా పేర్ల పక్కన కారణం ఒకటే, రోగం. 1520 నవంబరు 28న దక్షిణ అమెరికా కొసనున్న జలసంధి దాటి పసిఫిక్‌లో ప్రవేశించిన మూడు ఓడలకు మార్చి 6న గువామ్ దీవి చేరేదాకా తాజా ఆహారం దొరకలేదు. రొట్టె పొడి అయి పురుగులు పట్టి ఎలుక మూత్రం కంపు కొట్టిందనీ, తెరచాప దూలానికి చుట్టిన తోలును నాలుగైదు రోజులు సముద్రంలో నానబెట్టి నిప్పుల మీద కాల్చి తిన్నారనీ, ఎలుక ఒక్కొక్కటి అర డ్యూకటు బంగారు నాణేనికి అమ్ముడైందనీ పిగఫెట్టా రాశాడు. చిగుళ్లు వాచి పళ్లను కప్పేసే స్కర్వీ వ్యాధితో 19 మంది పోయారు. విటమిన్ సి లోపమే దానికి కారణమని తేలడానికి ఇంకా నాలుగు వందల ఏళ్లు పట్టింది.

బుధవారం: సాన్‌లూకర్

సెవిల్ నుంచి సాన్‌లూకర్ దె బర్రమెదా ఊరికి బస్సులో రెండు గంటల లోపే. దారి పొడవునా సమతల భూములు, పొద్దుతిరుగుడు, పత్తి, ఊరు దగ్గరపడ్డాక తెల్లని సున్నపు నేల మీద ద్రాక్షతోటలు. నది సముద్రంలో కలిసే చోట ఊరు ఉంది. అవతలి ఒడ్డు దొన్యానా అభయారణ్యం, ఇళ్లు లేని ఇసుక తిన్నెలూ పైన్ చెట్లూ. బాహో దె గియా అనే జాలరిపేట ఒడ్డున ఇప్పుడు వరుసగా చేపల భోజనశాలలు ఉన్నాయి. రొయ్యలకు ఈ ఊరు పేరు మోసినది. ఉడికించి ఉప్పు చల్లి ఇవ్వడం తప్ప వాటికి మరే సంస్కారమూ చేయరు. మన గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు అది చప్పగా తోచవచ్చు.

నదీముఖంలో ఇసుక మేట ఉంది. ఆటుపోట్లు చూసుకుని, దారి తెలిసిన స్థానిక నావికుడిని ఎక్కించుకుంటే తప్ప పెద్ద ఓడలు దాటలేవు. సెవిల్ నుంచి ఆగస్టులో దిగివచ్చిన ఐదు ఓడలు ఇక్కడ సరుకు నింపుకుంటూ నెల రోజులకు పైగా ఆగి, సెప్టెంబరు 20న సముద్రంలోకి వెళ్లాయి. 1498లో కొలంబస్ మూడోసారి బయలుదేరినదీ ఈ ఊరి నుంచే.

మూడేళ్లలో ఆ ఐదింటికి ఏమైందో ఒడ్డున నడుస్తూ లెక్క వేసుకోవచ్చు. సాంటియాగో 1520లో దక్షిణ అమెరికా తీరంలో, సాంటా క్రూజ్ నది దగ్గర ముక్కలైంది. సాన్ ఆంటోనియో జలసంధిలో నాయకుడి కన్నుగప్పి వెనుదిరిగి 1521 మేలో సెవిల్ చేరింది. మనుషులు చాలక కన్సెప్సియోన్‌ను ఫిలిప్పీన్స్‌లో తగలబెట్టారు. మిగిలిన రెండూ 1521 నవంబరు 8న తిదోరె దీవికి చేరాయి. సుల్తాన్ ఆదరించాడు, లవంగాలు దొరికాయి, ఇక తిరుగు ప్రయాణమే అనుకునేసరికి ట్రినిదాద్ అడుగున నీరు ఊరడం మొదలైంది. దాన్ని బాగుచేయడానికి నెలలు పడుతుంది. ఈలోగా గాలులు మారిపోతాయి, పోర్చుగీసులకు కబురు అందుతుంది. అప్పుడు తీసుకున్న నిర్ణయం ఇది: విక్టోరియా పడమరగా హిందూ మహాసముద్రం మీదుగా వెళ్లాలి, ట్రినిదాద్ బాగుపడ్డాక పసిఫిక్ మీదుగా తూర్పుకు వెళ్లాలి. రెంటిలో ఏదో ఒకటైనా ఇల్లు చేరుతుందన్న ఆలోచన అది. విక్టోరియా దారి ఒప్పందంలో నిషేధించిన దారి. అంటే తొలి భూప్రదక్షిణ రాజాజ్ఞను అతిక్రమించడం వల్ల జరిగింది.

విక్టోరియా నాయకుడు హువాన్ సెబాస్టియన్ ఎల్కానో అనే, ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు నావికుడు. డిసెంబరు 21న బయలుదేరి, తిమోర్‌లో సరుకులు తీసుకుని, గోవా, మలక్కా, కొచ్చిన్‌లలో ఉన్న పోర్చుగీసుల కంటపడకుండా తీరాలన్నిటికీ దూరంగా, హిందూ మహాసముద్రంలో దక్షిణంగా 40 డిగ్రీల అక్షాంశం దాకా దిగాడు. మార్చి 18న ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ దీవి అని పిలిచే ఒంటరి కొండను చూశారు కానీ దిగడానికి చోటు దొరకలేదు. ఆ అక్షాంశాల్లో పడమటి గాలి ఏడాది పొడవునా ఎడతెగకుండా వీస్తుంది. విక్టోరియా ఆ గాలికి ఎదురీదింది, అదీ సముద్రపు పురుగులు తొలిచిన చెక్కతో, రాత్రింబగళ్లు నీరు తోడుతూ.

అదే గాలిని వెనుక నుంచి తీసుకుని తూర్పుగా వెళ్లిన ఓడ ఒకటి మనకు దగ్గరి కాలంలో ఉంది. భారత నౌకాదళానికి చెందిన తారిణి అనే 17 మీటర్ల తెరచాప పడవలో ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి, 254 రోజుల తరువాత 2018 మే 21న అక్కడికే తిరిగి వచ్చారు. ఆ ఆరుగురిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. వాళ్లకు ఉపగ్రహాలూ వాతావరణ సూచనలూ తోడున్నాయి. అలల ఎత్తు మాత్రం ఎల్కానో నాటిదే.

గుడ్‌హోప్ అగ్రం చుట్టి అట్లాంటిక్‌లోకి వచ్చాక ఆకలి, రోగం మళ్లీ మొదలయ్యాయి. జులై 9న కేప్ వర్దె దీవుల్లో ఆగక తప్పలేదు. అవి పోర్చుగీసువి కనుక, అమెరికా నుంచి వస్తూ తెరకొయ్య విరిగిందని చెప్పి బియ్యం కొన్నారు. ఆ ఒడ్డున ఒక వింత బయటపడింది. ఓడలో రోజూ తప్పకుండా రాసుకున్న లెక్క ప్రకారం అది బుధవారం. ఒడ్డున ఉన్నవాళ్లకు అది గురువారం. పిగఫెట్టా తనకు ఒక్కరోజు కూడా జబ్బు చేయలేదు కనుక రాత తప్పలేదని పట్టుబట్టి, ఓడ దిక్సూచి నడిపిన అధికారి లెక్కతో సరిచూసుకున్నాడు. ఇద్దరిదీ ఒకటే లెక్క. సూర్యుడు పోయే దిక్కునే పడమరగా తిరిగినవాళ్లకు భూమి చుట్టూ వచ్చేసరికి ఒక ఉదయం తగ్గుతుందని తరువాత గ్రహించారు. ఈనాడు పసిఫిక్ నడుమ గీసుకున్న దినరేఖ ఆ బుధవారం చిక్కుకు మనం చేసుకున్న ఏర్పాటు. ఇంతలో బియ్యానికి బదులుగా ఎవరో లవంగాలు చూపడంతో గుట్టు బయటపడి 13 మంది పట్టుబడ్డారు. ఎల్కానో మిగిలినవాళ్లతో తెరచాపలెత్తి పారిపోయాడు.

1522 సెప్టెంబరు 6న, శనివారం, విక్టోరియా ఈ ఇసుక మేట దాటి సాన్‌లూకర్‌లో లంగరు వేసింది. పుస్తకాలు 18 మంది అంటాయి. అది యూరోపువాళ్ల లెక్క. తిదోరెలో ఎక్కిన 13 మంది ద్వీపవాసుల్లో బతికి వచ్చిన కొద్దిమందిని ఆ సంఖ్యలో కలపరు. ఆ రోజే ఎల్కానో రాజుకు ఒక ఉత్తరం రాశాడు. పడమర నుంచి వెళ్లి తూర్పు నుంచి వచ్చి ప్రపంచపు గుండ్రదనమంతా తిరిగామని చెప్పిన ఆ చిన్న ఉత్తరంలో, కేప్ వర్దెలో చిక్కిన తన 13 మందిని విడిపించమని వేడుకోలు ఉంది. వాళ్లు తరువాత విడుదలై వచ్చారు.

గురువారం: సెవిల్ చర్చి, ఆ తరువాత రైలు

ఓడను మరో పడవతో లాగించుకుని సెవిల్ చేరినవాళ్లు, 1522 సెప్టెంబరు 9న చొక్కాలతో, వట్టి కాళ్లతో, చేతిలో కొవ్వొత్తులతో నడిచి మొక్కు తీర్చుకున్నారు. మొదట త్రియానాలోని విక్టోరియా మాత మఠానికి, తరువాత పెద్ద చర్చిలోని ఆంటిగువా మాత సన్నిధికి వెళ్లారు. మఠం ఇప్పుడు లేదు. అక్కడి మాత విగ్రహాన్ని త్రియానాలో 13వ శతాబ్దపు సాంటా అన్నా చర్చిలో చూశాను. పెద్ద చర్చిలో కొలంబస్ సమాధి చుట్టూ గుంపులుగా జనం ఉన్నారు. దానికి దగ్గరలోనే ఉన్న ఆంటిగువా మందిరంలో, బంగారు నేపథ్యం మీద గోడకు చిత్రించిన మాత ముందు ఎవరూ లేరు. మధ్యాహ్నం రైలెక్కి మాడ్రిడ్, అక్కడి నుంచి మరో రైల్లో వయ్యదోలీద్.

శుక్రవారం: వయ్యదోలీద్

మాగెల్లాన్ ఒప్పందం మీద రాజు సంతకం చేసినది ఈ ఊళ్లోనే, 1518 మార్చి 22న. నాలుగున్నరేళ్ల తరువాత ఎల్కానోను రాజు పిలిపించినదీ ఇక్కడికే. ఆ పిలుపు సన్మానంతో ఆగలేదు. 1522 అక్టోబరు 18న ఎల్కానోనూ, నావిక అధికారి ఫ్రాన్సిస్కో అల్బోనూ, మంగలి వైద్యుడు బుస్తమంతేనూ న్యాయాధికారి ఒకరు ప్రశ్నించారు: తిరుగుబాటు ఎందుకు జరిగింది, మాగెల్లాన్ ఎలా చనిపోయాడు, లవంగాల తూకంలో తేడా ఎందుకు వచ్చింది. విక్టోరియాలో వచ్చినవి 381 బస్తాలు, 20 టన్నులకు పైమాటే. ఐదు ఓడల ఖర్చులో దాదాపు అంతా వాటి అమ్మకంతోనే వచ్చింది.

తిరుగుబాటు ప్రశ్న ఎల్కానోకు ఇబ్బందికరమైనది. 1520 ఏప్రిల్‌లో, పటగోనియా తీరంలోని సాన్ హులియన్ రేవులో చలికాలం గడపాలని మాగెల్లాన్ నిర్ణయించినప్పుడు మూడు ఓడల స్పానిష్ అధిపతులు ఎదురు తిరిగారు. ఒకరిని అక్కడికక్కడే పొడిచి చంపారు, మరొకరి తల నరికించారు, మూడోవాడు హువాన్ దె కార్తహేనాను ఒక మతగురువుతో సహా ఆ నిర్జన తీరంలో వదిలేశారు. మరణశిక్ష పడి, పని చేసేవాళ్లు లేక క్షమాపణ పొందిన 40 మందిలో ఎల్కానో ఒకడు. పిగఫెట్టా తన కథనంలో ఎల్కానో పేరును ఒక్కసారి కూడా రాయకపోవడానికి ఇదే కారణమని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. మూడేళ్లు ఒకే ఓడల గుంపులో తిరిగి, చివరి తొమ్మిది నెలలు ఒకే ఓడలో వచ్చిన మనిషి పేరు మరుపున తప్పిపోయేది కాదు.

ఊళ్లో ఆ రోజుల గుర్తులు పెద్దగా మిగలలేదు. కొలంబస్ 1506లో చనిపోయినదీ ఇక్కడే కనుక ఆయన పేర ఒక ప్రదర్శనశాల ఉంది. ఎల్కానో విచారణ గురించి అడిగితే అక్కడివారు మర్యాదగా నవ్వి ఉత్తరాన ఉన్న బాస్క్ దేశానికి వెళ్లమన్నారు.

శనివారం, ఆదివారం: గెటారియా

సాన్ సెబాస్టియన్ నగరం నుంచి బస్సు సముద్రపు అంచున మలుపులు తిరుగుతూ ఎల్కానో సొంత ఊరు గెటారియా చేరుతుంది. సన్నని ఒక వీధి, దాని చివర నేల ఏటవాలుగా ఉన్న సాన్ సాల్వదోర్ చర్చి, దాని కింద నుంచి రేవుకు వెళ్లే సొరంగం, ఎదురుగా ఎలుక ఆకారపు కొండ. భోజనశాలల ముందు ఆరుబయట ఇనుప పొయ్యిల మీద పెద్ద చేపలను కాలుస్తూ ఉంటారు. ఊరి చుట్టూ కొండవాలుల్లో ద్రాక్షతోటలు. ఎల్కానోకు ఇక్కడ రెండు విగ్రహాలూ ఒక పెద్ద స్మారకమూ ఉన్నాయి. చర్చి నేలలో ఆయన పేరున్న రాతిపలక ఉంది. దేహం మాత్రం పసిఫిక్ అడుగున ఉంది.

ఆ యాత్రలో చేరకముందు ఎల్కానో 200 టన్నుల సొంత ఓడకు యజమాని. దాన్ని రాజు యుద్ధాల్లో నడిపితే జీతం అందలేదు. అప్పిచ్చిన సవోయ్ వర్తకులకు ఓడను అప్పగించాడు. విదేశీయులకు ఓడ అమ్మడం ఆనాటి చట్టంలో నేరం. నేరస్థుడిగా తిరుగుతున్నవాడు సెవిల్‌లో ఓడ సిబ్బందికోసం వెతుకుతున్న మాగెల్లాన్ దండులో చేరాడు. తిరిగి వచ్చాక 1523లో ఆ నేరానికి క్షమాభిక్ష దొరికింది. దాంతో పాటు కోట, దాల్చినచెక్కలు, జాజికాయలు, లవంగాలు, పైన భూగోళం, దాని చుట్టూ ‘నన్ను మొదట చుట్టినవాడివి నీవు’ అన్న లాటిన్ వాక్యం ఉన్న బిరుదు చిహ్నమూ, ఏటా 500 డ్యూకట్ల భరణమూ ఇచ్చారు. కోరిన సాంటియాగో వీరపదవి ఇవ్వలేదు.

తూర్పు దారిన వెళ్లవలసిన ట్రినిదాద్ కథ చెప్పకుండా గెటారియాను వదలలేం, ఎందుకంటే దాని ముగింపు కూడా ఈ ప్రాంతంవాడి చేతిలోనే పడింది. 1522 ఏప్రిల్‌లో బయలుదేరిన ఆ ఓడ ఎదురుగాలులకు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి పైకి వెళ్లి, మనుషులు చస్తూ ఉండగా వెనుదిరిగి, పోర్చుగీసులకు చిక్కింది. ఆ నావికుల్లో యూరోపు చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మంది. పసిఫిక్‌ను పడమర నుంచి తూర్పుకు దాటే దారిని 1565లో కనుగొన్నవాడు ఆంద్రెస్ దె ఉర్దనేతా. అతని ఊరు ఒర్దీసియా ఇక్కడికి దగ్గరే. 1525లో లవంగాల దీవులకు రెండోసారి వెళ్లిన నౌకాదళంలో 17 ఏళ్ల కుర్రాడిగా అతను ఎల్కానో ఓడలో ఉన్నాడు. 1526 జులై 26న పసిఫిక్ మీద రాయించిన ఎల్కానో వీలునామా మీద సాక్షి సంతకాల్లో అతనిది ఒకటి. ఎల్కానో ఆగస్టు 4న పోయాడు. చెల్లించాల్సిన మొక్కుల నుంచి తన బట్టల దాకా ఆ వీలునామాలో ప్రతిదానికీ వారసులున్నారు. రాజు ఇవ్వవలసిన బాకీ కూడా అందులో ఆస్తిగా చూపించాడు.

ఆ బాకీ తీరకపోవడం వెనుక ఒక కారణం ఉంది. ఎల్కానో భరణాన్ని సెవిల్ ఖజానా మీద రాయలేదు. లవంగాల వ్యాపారం కోసం లా కొరూన్యాలో కొత్తగా పెట్టిన కార్యాలయపు ఆదాయం మీద రాశారు. ఆ ఆదాయం ఎన్నడూ రాలేదు. 1529లో సారగోసా ఒప్పందంతో రాజు కార్లోస్ మలుకు దీవుల మీద తన హక్కును 3,50,000 డ్యూకట్లకు పోర్చుగల్‌కు వదులుకున్నాడు, కార్యాలయం మూతపడింది. గెటారియాలో ఉన్న ఎల్కానో తల్లి కతలీనా దెల్ పుయెర్తో కొడుకుకు రావలసిన జీతమూ భరణమూ ఇప్పించమని ఏళ్ల తరబడి రాజుకు అర్జీలు పెట్టుకుంటూనే ఉంది.